ఈదీ డబ్బులతో ఏ బొమ్మ కొందాము?

(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మేము ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పుకునే వాళ్ళం. సభల్లో ఉర్దూలోనే మాట్లాడటం మాకు అలవాటు. కానీ మన పిల్లలు చాలామంది ఇప్పుడు తెలుగు, ఇంగ్లీషు మీడియం బడులకు పోతున్నారు గనుక, అందరికీ అర్థమయ్యేటట్లు తెలుగులో చెప్పమని కార్యదర్శిగారు కోరారు. మా తెలుగులో తప్పులుంటే మన్నించగలరు.

విద్య ఆవశ్యకతను గురించి మాట్లాడమని మాకు చెప్పారు. దాన్ని గురించి ప్రతి ఏడూ ఎవరో ఒకరు చెబుతూనే ఉన్నారు. ఈసారి విద్యకంటే ముందు వచ్చే ఒక వస్తువును గురించి చెప్పదలచుకున్నాము. అది ఆటబొమ్మ. నవ్వకండి. పిల్లలు అలిఫ్, బే రాసే పలక పట్టకముందే బొమ్మను పట్టుకుంటారు. వాళ్ళకు మొదటి పాఠం చెప్పేది ఆ బొమ్మే.

ఈ ఆలోచన మాకు పుస్తకంలో దొరికింది కాదు. మేము చేసిన ఒక తప్పు మూలంగా వచ్చింది. పోయిన సంవత్సరం పిల్లల పోటీలకు బహుమతులు కొనే పని మాకు అప్పగించారు. మేము బజారుకు పోయి మగపిల్లలకు జామెట్రీ బాక్సులు, క్రికెట్ బ్యాట్లు తెచ్చాము. ఆడపిల్లలకు స్టీలు గిన్నెలు, టిఫిను డబ్బాలు తెచ్చాము. ఆడపిల్లలు గదా, ఇంట్లో పనికొస్తాయి అనుకున్నాము. లెక్కల పోటీలో మొదటి స్థానం మా బడిలో అయిదవ తరగతి చదివే ఒక అమ్మాయికి వచ్చింది. ఆమెకు గిన్నెలు ఇచ్చాము. రెండవ స్థానం వచ్చిన అబ్బాయికి జామెట్రీ బాక్సు ఇచ్చాము. మీరందరూ చప్పట్లు కొట్టారు, మేమూ కొట్టాము.

మరునాడు ఆ అమ్మాయి మా బల్ల దగ్గరకు వచ్చి నిలబడింది. "సార్, లెక్కల్లో ఫస్టు వస్తే గిన్నెలు ఎందుకిచ్చారు?" అని అడిగింది. కోపంతో అడగలేదు, నిజంగా అర్థంగాక అడిగింది. ఇరవై ఏళ్ళుగా పిల్లల ప్రశ్నలకు జవాబులు చెబుతున్న మాకు ఆ ప్రశ్నకు మాత్రం జవాబు దొరకలేదు.

తప్పు మా ఒక్కరిదే అయితే మేమే దిద్దుకుని ఊరుకునేవాళ్ళం. కానీ రంజాను పండుగనాడు ఈద్‌గా దారిలో బొమ్మల బండ్ల దగ్గర నిలబడి చూడండి. చేతిలో ఈదీ డబ్బులు పట్టుకుని పిల్లలు పరుగెత్తుకొస్తారు. బండివాడు మొదట అడిగే మాట "బాబుకా, పాపకా?" అని. బాబుకైతే తుపాకి, కారు, బ్యాటు, విమానం. పాపకైతే గుడియా, ప్లాస్టిక్ పొయ్యి, గిన్నెలు, అద్దం, దువ్వెన. పిల్లకు ఏది కావాలో ఎవరూ అడగరు. ఆ పిల్ల విమానం వైపు చెయ్యి చాపితే "అది అన్నయ్యకు" అంటాము. ఆ చిన్న చెయ్యి వెనక్కి పోతుంది. రెండు మూడు పండుగలు ఇట్లా గడిస్తే ఇక ఆ వైపు చాపదు. పదేళ్ళ తరువాత ఆమె సైన్సు గ్రూపు తీసుకోవడానికి జంకితే, ఆడపిల్లలకు లెక్కలంటే భయం అని మనమే అంటాము!

గుడియా ఆట చెడ్డదని మేము అనడం లేదు. గుడ్డే గుడియా షాదీలో పిల్లలు ఎంత మాట నేర్చుకుంటారో, ఎంత లోకం నేర్చుకుంటారో మనకు తెలుసు. అట్లాగే దిమ్మెలు పేర్చే ఆట, విడిభాగాలు బిగించే ఆట పిల్లలకు ఆకారాలను, కొలతలను మనసులో చూసే శక్తిని ఇస్తాయి. రెండు రకాల శక్తులూ పిల్లలందరికీ కావలసినవే. అటువంటప్పుడు ఒకటి ఆడపిల్లకు, ఒకటి మగపిల్లవాడికి అని పంచిపెట్టడం దేనికి?

మన నానీలు, దాదీలు, పక్కింటి తెలుగు అమ్మమ్మలు వామనగుంటలు ఆడేవారు. ఒక్కొక్క వైపు ఏడేసి గుంటలు, గుంటల్లో చింతగింజలు. ఏ గుంటలో గింజలు తీసి పంచితే చివరి గింజ ఎక్కడ పడుతుందో ముందే లెక్క కట్టుకోవాలి. లేకపోతే ఓడిపోతారు. అది లెక్కల ఆట గాక మరేమిటి? ఆడవాళ్ళకు లెక్కలు రావు అనే మాట ఆ గుంటల దగ్గర కూర్చున్న ఏ దాదీమా ముందైనా అనగలమా?

కొందరు పెద్దలు "ఇదంతా కొత్త ఫ్యాషను, మన దీనులో ఇట్లాంటివి లేవు" అనవచ్చు. వారికి సవినయంగా ఒక సంగతి గుర్తు చేస్తాము. హజ్రత్ ఆయిషా రజియల్లాహు అన్హా బొమ్మలతో ఆడుకునేవారని హదీసుల్లో ఉంది. ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లం ఒక యుద్ధయాత్ర నుండి తిరిగి వచ్చినప్పుడు ఆమె బొమ్మల మధ్య ఒక గుర్రం కనబడింది. దానికి గుడ్డతో చేసిన రెండు రెక్కలున్నాయి. గుర్రానికి రెక్కలేమిటని ఆయన అడిగారు. సులేమాన్ ప్రవక్తగారి గుర్రాలకు రెక్కలుండేవని మీరు వినలేదా అని ఆమె బదులు చెప్పారు. ఆయన పళ్ళు కనబడేటట్లు నవ్వారని అబూదావూద్ హదీసు గ్రంథంలో ఉంది. ఆడపిల్లకు గుర్రం బొమ్మ ఎందుకని ఆయన అడగలేదు గదా! ఆమెతో పరుగుపందెం కూడా వేశారు. ఒకసారి ఆమె గెలిచారు, మరొకసారి ఆయన గెలిచారు. ఇంట్లో తన బట్టలు తానే కుట్టుకునేవారు, చెప్పులు తానే బాగుచేసుకునేవారు. ఇంటిపని మగవాడికి తగదని మనం ఎక్కడ నేర్చుకున్నట్లు?

ఇక బయటి లోకం సంగతి. బార్బీ బొమ్మ 1959లో అమెరికాలో పుట్టింది. 1992లో ఆ కంపెనీవారు మాట్లాడే బార్బీని చేశారు. అది పలికే మాటల్లో లెక్కల క్లాసు కష్టం అనేది ఒకటి. చదువుకున్న స్త్రీలు ఇదేమిటని నిలదీస్తే కంపెనీవారు ఆ మాట తీసివేశారు. చూశారా, బొమ్మ నోట పలికిన ఒక్క మాటను కూడా అక్కడి తల్లులు ఊరికే పోనివ్వలేదు. కాలిఫోర్నియా రాష్ట్రంలో 2021లో ఒక చట్టం చేశారు. పెద్ద పెద్ద దుకాణాల్లో ఆడ, మగ తేడా లేకుండా బొమ్మలుంచే భాగం ఒకటి తప్పకుండా ఉండాలని అందులో ఉంది. అది 2024 నుండి అమలులోకి వచ్చింది. మన ఊరి బండివాడికి చట్టం అక్కరలేదు. మనం అడిగితే చాలు.

టీవీ, సెల్‌ఫోను సంగతి కూడా చెప్పుకోవాలి. మన హైదరాబాదు కంపెనీ తయారుచేసిన ఛోటా భీమ్ 2008లో మొదలయింది. మన ఇళ్ళల్లో అది తెలియని పిల్లలు లేరు. అందులో లడ్డూలు తిని బలం తెచ్చుకుని ఊరిని కాపాడేది భీమ్. లడ్డూలు అందించేది తరచుగా చుట్కీ. చుట్కీ తెలివిగల పిల్లే, ధైర్యమూ ఉంది. కానీ కథ పేరు ఆమెది కాదు. అది చూడవద్దని మేము అనము. చూసేటప్పుడు పక్కన కూర్చుని, "చుట్కీ అయితే ఈ పని ఎట్లా చేసేది?" అని ఒక్క ప్రశ్న అడగండి. పిల్లలు చెప్పే కథలు విని మీరే ఆశ్చర్యపోతారు. 2013లో పాకిస్తానులో ఉర్దూలో బుర్ఖా అవెంజర్ అనే కార్టూను సీరియల్ వచ్చింది. అందులో వీరనారి ఒక పంతులమ్మ. ఆమె ఆయుధాలు కలాలు, పుస్తకాలు. ఉపాధ్యాయులం గనుక ఆ సంగతి చెప్పేటప్పుడు మాకు కొంచెం గర్వంగా ఉంటుంది.

నిజమైన ఉదాహరణ కావాలంటే నిజామాబాదు చాలు. నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ బాక్సింగ్ బంగారు పతకాలు గెలిచింది. ఆడపిల్లకు ఈ ఆట ఏమిటని నలుగురూ అన్నప్పుడు తండ్రి ఆమె వెనుక నిలబడ్డాడు. నలుగురి మాట విని ఆయన వెనక్కి తగ్గి ఉంటే ఆ పతకాలు మన దేశానికి వచ్చేవా?

మగపిల్లల సంగతి మరిచిపోరాదు. వాళ్ళకూ అన్యాయం జరుగుతోంది. మా చిన్నవాడు ఆరేళ్ళప్పుడు అక్క గిన్నెలతో ఆడుతూ మాకు ఉత్తుత్తి బిర్యానీ వడ్డించాడు. మేము గిన్నె లాక్కుని తుపాకి చేతికిచ్చాము. ఆ నెలలోనే బంధువుల ఇంట నికాహ్ జరిగింది. తెల్లవారుజామున డేగ్‌ల దగ్గర మసిబట్టి నిలబడి వందలమందికి వండుతున్న బావర్చీ మగవాడే. మనం తొడుక్కున్న షేర్వాణీ కుట్టిన దర్జీ మగవాడే. కూలి తీసుకుని చేస్తే మగవాడి పని, ఇంట్లో ఊరికే చేస్తే ఆడదాని పని అని మనకు మనమే ఒక సూత్రం రాసుకున్నట్లుంది! పాపాయి బొమ్మను ఒళ్ళో పడుకోబెట్టుకున్న పిల్లవాడిని ఎగతాళి చేస్తాము. రేపు వాడు తండ్రి అయి బిడ్డను ఎత్తుకోకపోతే తప్పెవరిది?

మా మనవి పెద్దదేమీ కాదు. వచ్చే పండుగకు పిల్లను బండి దగ్గరకు తీసుకుపోయి, "నీకేది కావాలి?" అని అడగండి. జవాబు వచ్చేదాకా ఆగండి. ఈదీ ఇచ్చేటప్పుడు అన్నకు వంద, చెల్లెలికి యాభై అనవద్దు. బొమ్మ విరిగితే విప్పి చూడటం అమ్మాయికీ నేర్పండి. బొత్తాము కుట్టుకోవడం అబ్బాయికీ నేర్పండి.

చివరి మాట. ఈ ఏడు కూడా బహుమతులు కొనే పని సంఘంవారు మాకే ఇచ్చారు, వారి ఓర్పుకు కృతజ్ఞతలు. ఈసారి బహుమతులన్నీ ఒకే బల్లమీద పెట్టించాము. ఆడ, మగ అని చీటీలు అంటించలేదు. పిలిచిన వరుసలో వచ్చి ఎవరికి కావలసినది వారే తీసుకుంటారు. ఎవరైనా గిన్నెలే తీసుకుంటే అదీ సంతోషమే. తల్లిదండ్రులు మాత్రం కింద కూర్చుని "అది కాదు, ఇది తీసుకో" అని కేకలు వేయవద్దని కోరుతున్నాము.

పోయిన సంవత్సరం గిన్నెలు తీసుకున్న ఆ అమ్మాయి ఈసారి కూడా లెక్కల్లో మొదటి స్థానంలోనే వచ్చింది. కాసేపట్లో ఆమె పేరు పిలుస్తారు. ఆమె ఏమి తీసుకుంటుందో మాకు తెలియదు. ఈసారి మా బల్ల దగ్గరకు వచ్చి ఆ ప్రశ్న అడగవలసిన అవసరం మాత్రం ఆమెకు ఉండదు.

అల్లాహ్ మన పిల్లలందరికీ మేలు చేయుగాక. ఆమీన్. వస్సలాం.