జర్మను వంటయింటి మాటలు

పరదేశమున కాపుర ముండబోవువారు ఆ దేశభాషలో ముందుగా నేర్వదగిన మాట లెవ్వి? కుశలమడుగుట, దారి తెలిసికొనుట, ధర విచారించుట, ఇవి పాఠ్యపుస్తకము లన్నియు నేర్పును. కాని దినమునకు రెండుపూటలు మనకు పనిపడు చోటు వంటయిల్లు. అచ్చటి వస్తువుల పేళ్లు తెలియనివారు, ఎంత వ్యాకరణము వచ్చినను, ఆ యింట అతిథులే కాని గృహస్థులు కారు. నేడు మన తెలుగు విద్యార్థులు, పరిచారికలు, ఇంజనీర్లు అనేకులు జర్మనీకి పోవుచున్నారు. 2022-23 శీతకాలపు చదువుల నాటికి ఆ దేశపు విశ్వవిద్యాలయములలోని విదేశ విద్యార్థులలో భారతీయులే సంఖ్యలో ప్రథమస్థానమునకు వచ్చిరి. వారికొరకును, వారిని సాగనంపు తల్లిదండ్రులకొరకును ఈ ప్రసంగము.

అద్దెయిల్లు వెదకువారికి ఎదురగు మొదటి మాట ‘ఐన్‌బౌక్యూషె’. ‘క్యూషె’ యనగా వంటయిల్లు. ‘ఐన్‌బౌ’ యనగా లోపల అమర్చుట. పొయ్యి, తొట్టి, అలమారలు ముందే యమర్చి యుంచిన వంటయిల్లని భావము. ఇండ్ల ప్రకటనలలో దీనిని ‘ఏ, బే, కా’ యను మూడక్షరములకు కుదించి వ్రాయుదురు. ఆ దేశమున చాలచోట్ల అద్దెయింటిలో వంటసామగ్రి యుండదు. వెనుకటి కాపురస్థులు పోవుచు పొయ్యినిసైతము ఊడదీసికొని పోవుట కలదు. ఆ మూడక్షరములు గమనింపక ఒడంబడికపై చేవ్రాలు చేసినవారికి, తలుపు తీయగనే వట్టిగోడయు నీటిగొట్టమును మాత్రమే కనబడవచ్చును.

ఇట్టి యమరిక వంటయిండ్లకు మాతృకగా ఎన్నబడునది ‘ఫ్రాంక్‌ఫుర్టు వంటయిల్లు’. వియన్నా నగరమునకు చెందిన మార్గరెటె ష్యుట్టె-లిహోట్‌స్కీ యను స్త్రీ వాస్తుశిల్పి 1926లో దీనిని రూపొందించినది. వెడల్పు సుమారు 1.9 మీటర్లు, నిడివి సుమారు 3.4 మీటర్లు. వంటచేయు స్త్రీకి వృథాగా అడుగు వేయు పని లేకుండ ప్రతి వస్తువును చేతికందు దూరమున నుంచిరి. ఫ్రాంక్‌ఫుర్టులో సుమారు 10,000 క్రొత్త ఇండ్లలో ఇట్టి వంటయిండ్లు వెలసినవి.

ఇక మాటల సంగతి. జర్మను పదముల పొడవు చూచి బెదరువారు పెక్కండ్రు. అమెరికా హాస్యరచయిత మార్కు ట్వేను 1880లో ఆ భాషపై ఒక వ్యాసమే ప్రకటించి, దాని దీర్ఘసమాసములను, లింగములను ఎగతాళి చేసెను. కాని సమాసమనిన తెలుగువారికి భయమేల? బడిలో విగ్రహవాక్యములు చెప్పుచు పెరిగినవారము గదా! ఆ విద్యయే ఇచ్చట అక్కరకు వచ్చును.

‘క్యూల్‌ష్రాంక్’ అను మాట చూడుడు. ‘క్యూల్’ చల్లని, ‘ష్రాంక్’ బీరువా. చల్లనిదైన బీరువా, విశేషణపూర్వపద కర్మధారయము. మనము ఫ్రిజ్ అనునది యిదియే. ‘వాసర్‌కోఖర్’: ‘వాసర్’ నీరు, ‘కోఖర్’ కాచునది. కుంభమును చేయువాడు కుంభకారుడైనట్లు, నీటిని కాచునది వాసర్‌కోఖర్. ‘ష్ప్యూల్‌మషీనె’: అంట్లు కడుగుటకైన యంత్రము, చతుర్థీ తత్పురుషము. అన్నిటికన్న పొడవైనది ‘దున్‌స్ట్‌అప్‌త్సూగ్స్‌హౌబె’. ఒక్క ఊపిరిలో పలుక బ్రయత్నింపక, విడదీయుడు. ‘దున్‌స్ట్’ ఆవిరి, ‘అప్‌త్సూగ్’ లాగివేయుట, ‘హౌబె’ కుళ్లాయి. నడుమనున్న ‘స్’ అతుకు మాత్రమే. ఆవిరిని లాగివేయు కుళ్లాయి, అనగా పొయ్యిపైన బిగించు పొగగూడు. ఎండుమిరపకాయలతో తాలింపు వేయువారికి దీని యవసరము వేరుగ చెప్పనక్కరలేదు. దీనిని నడపక తాలింపు పెట్టినచో, ప్రక్కగదిలోని ‘రౌఖ్‌మెల్డర్’ మ్రోగవచ్చును. ‘రౌఖ్’ పొగ, ‘మెల్డర్’ తెలియజేయునది. జర్మనీలోని 16 రాష్ట్రములందును పడకగదులలో దీనిని బిగింపవలెనని చట్టము కలదు.

తరువాతి చిక్కు లింగము. జర్మనులో చెంచా ‘డేర్ లోఫెల్’, పుంలింగము. ముల్లుగరిటె ‘డీ గాబెల్’, స్త్రీలింగము. కత్తి ‘దాస్ మెసర్’, నపుంసకము. తెలుగున ప్రాణములేనివాని కీ బాధ లేదు. కాని సంస్కృతము చదివినవారికిది క్రొత్త గాదు. భార్య యను నర్థముననే దారశబ్దము పుంలింగము, భార్యాశబ్దము స్త్రీలింగము, కళత్రశబ్దము నపుంసకలింగము. మరియొక మేలు కలదు. తత్పురుష సమాసమునకు ఉత్తరపదపు లింగమే వచ్చునని పాణిని విధించెను. జర్మను సమాసములకును సరిగా ఇదే సూత్రము. ‘ష్రాంక్’ పుంలింగము గనుక ‘క్యూల్‌ష్రాంక్’ పుంలింగము. ‘మషీనె’ స్త్రీలింగము గనుక కాఫీయంత్రమైన ‘కాఫెమషీనె’యు స్త్రీలింగమే. పనిచేయునది యను నర్థమున ‘ఎర్’ ప్రత్యయము చివరనున్నచో పుంలింగము. కావున ‘డేర్ వాసర్‌కోఖర్’. నాలుగైదు ఉత్తరపదముల లింగము గుర్తుంచుకొన్నచో, నలువది మాటల లింగము తానే తెలియును.

పరిచితముగ తోచు మాటలయెడ మిక్కిలి జాగ్రత్త వలయును. మనము కుక్కరనునది అచ్చట ‘ష్నెల్‌కోఖ్‌టోప్ఫ్’, అనగా త్వరగా వండు కుండ. ‘మిక్సర్’ అని యడిగినచో, గ్రుడ్లసొన గిలకొట్టు చేతిపరికరము నీయవచ్చును. పచ్చడికి మన మిక్సీవంటిది కావలయునన్న ‘ష్టాండ్‌మిక్సర్’, అనగా నిలిచియుండు మిక్సర్, అని యడుగవలెను.

కొన్ని మాటలు ప్రాణరక్షణకు సంబంధించినవి. ‘ఐన్’ అనిన వెలిగించుట, ‘ఔస్’ అనిన ఆర్పుట. ‘హేర్ట్’ అనగా పొయ్యి. అద్దపు పలకగల విద్యుత్తు పొయ్యిలపై ఆర్పిన పిమ్మటను ఒక చిన్నగురుతు వెలుగుచుండును. అది ‘రెస్ట్‌వెర్మె’ను, అనగా మిగిలియున్న వేడిమిని తెలుపును. అది ఆరువరకు చేయి తగిలింపరాదు. ‘బాక్‌ఓఫెన్’ అను రొట్టెలపొయ్యికి ‘ఓబర్‌హిట్సె’ పైవేడి, ‘ఉంటర్‌హిట్సె’ క్రిందివేడి, ‘ఉమ్‌లుఫ్ట్’ చుట్టును తిరుగు వేడిగాలి. ఉమ్‌లుఫ్ట్ పెట్టినపుడు పైవేడి క్రిందివేడులకు చెప్పిన ఉష్ణోగ్రతకు సుమారు 20 డిగ్రీలు తగ్గించుట అచ్చటి ఆచారము.

నేర్చుకొను మార్గము సులభము. ప్రయాణమునకు ముందే మీ వంటయింటనే మొదలిడుడు. ప్రతి వస్తువునకు ఒక చీటి అంటించి, డేర్, డీ, దాస్ అను గురుతుతో పేరు వ్రాయుడు. వస్తువును ముట్టినప్పుడెల్ల పేరును బిగ్గరగా పలికి, తెలుగున విగ్రహవాక్యము చెప్పుడు. పాలు తీయునపుడు క్యూల్‌ష్రాంక్, టీనీళ్లు పెట్టునపుడు వాసర్‌కోఖర్. దినమున కొక్క సమాసము విప్పినను నెలకు ముప్పది మాటలగును. పిల్లలకొరకు తల్లులును ఈ చీటీలు చదివినచో, దూరదేశమునుండి కుమార్తె టెలిఫోనులో ‘మా హేర్ట్ చెడిపోయినది’ అని చెప్పినపుడు, ఆమె కష్టమేమో వెంటనే తెలియును.

పరభాష నేర్చుటకు మన భాషాజ్ఞానము అడ్డు గాదు, అదియే తాళపుచెవి. విగ్రహవాక్యము చెప్పగల నోటికి ఏ సమాసమును మిక్కిలి పొడవు గాదని మనవి చేయుచు, సెలవు గైకొనుచున్నాను.