గద్వాల చీర: అంగడి, ఆన్‌లైన్

కృష్ణా తుంగభద్రల నడుమనున్న నడిగడ్డలో గద్వాల చీరను ఎరుగని ఇల్లుండదు. ఒంటికి నూలు, అంచుకూ కొంగుకూ పట్టూ జరీ: ఇదీ దాని పొందిక. తిరుమల బ్రహ్మోత్సవములకు సమర్పించే ఏరువాడ జోడు పంచెలను ఇక్కడి నేతవారే 41 దినములు నియమముతో నేస్తారు. సంస్థానము నాటి ఆ ఆచారము నేటికీ చెల్లుతున్నది.

పెండ్లి బట్టలకని వనపర్తినుండి, నాగర్‌కర్నూలునుండి బస్సెక్కి గద్వాల వచ్చి, అంగడిలో తీరికగా కూర్చుండి, పది చీరలు విప్పించి ఒకటి కొనుట మనకు అలవాటు. ఈనాడు ఆ చీరలే ఫోనులో కనబడుతున్నవి, తరచు సగము ధరకు! “ఫోనులో ఇంతకే వస్తున్నదే” అని ఒక ఇల్లాలు అన్నదంటే అంగడివాడు నిరుత్తరుడు కావలసినదే.

ఆ సగము ఎక్కడ తగ్గినదో చూతము. గద్వాల నేతకు ప్రాణము కుట్టు. పేరు కుట్టైనా పని మగ్గముమీదిదే. ఒంటి పేకనూ అంచు పేకనూ వరుసవరుసకూ చేతితో మెలివేసి, దేనిని దాని వైపునకే మరలిస్తారు. ఇందుకు మగ్గమువద్ద రెండవ మనిషి కావాలి. అందువలననే అంచు రంగు ఒంటి రంగుతో కలియక స్వచ్ఛముగా నిలుస్తుంది. మరమగ్గపు నకలులో సామాన్యముగా ఒకే పేక ఈ చివరనుండి ఆ చివరకు పోతుంది. అంచులో ఒంటి రంగు మసకగా తొంగిచూస్తుంది. ఫోను బొమ్మలో ఈ భేదము పట్టుపడదు. కొన్ని రకముల వస్త్రములను చేనేతకే కేటాయిస్తూ 1985లో చట్టము వచ్చినది, 2006లో చేనేత ముద్ర వచ్చినది, 2010లో గద్వాల చీరకు భౌగోళిక గుర్తింపు వచ్చినది. బొమ్మలో ముద్రను వెదకేవారెవరు?

అట్లని అంగళ్లవారందరూ హరిశ్చంద్రులని నేననను. మరమగ్గపు సరకును చేనేత బీరువాలో కలిపి అమ్మేవారూ ఉన్నారు. ఆన్‌లైన్ వ్యాపారముకంటె అంగడికి వారివలననే ఎక్కువ చేటని నా అభిప్రాయము. ఇక రాజోలిలోనో అమరచింతలోనో నేసేవారు ఫోనుద్వారా దూరదేశపు తెలుగువారికి నేరుగా అమ్ముకుంటే, కూలితోపాటు లాభమూ వారికే దక్కుతుంది. దానిని తప్పుపట్టలేము.

ఈసారి గద్వాల వెళ్ళినపుడు, ధర అడుగకముందే అంచును తిరగవేసి చూపమనండి. కుట్టు ఉన్న చీరైతే అంగడివాడు వెంటనే వెలుతురులోకి తెచ్చి చూపుతాడు. ఏ ఊరి మగ్గముదో కూడ చెప్పుతాడు.