నొప్పిని నమోదు చేయండి

ఈరోజు అమలాపురంలో నర్సింగ్ పట్టాలు అందుకుంటున్న మీకు నా మనఃపూర్వక అభినందనలు.

రేపు మీరు రాజోలులోనో, కొత్తపేటలోనో టీకాలు వేస్తారు. టీకా ప్రాణాలు నిలబెడుతుంది, అందులో సందేహం లేదు. ఆ మేలు ఊరంతా పొందుతూ, ఎవరో ఒకరికి జరిగిన నష్టాన్ని వాళ్ల ఖర్మకు వదిలేయడం మాత్రం న్యాయం కాదు.

భుజం సంగతే చూడండి. బయట వరస పెద్దది. జాకెట్టు చెయ్యి బిగుతుగా ఉండి పైకి జరగదు. తొందరలో మెడవైపు నుంచి గుడ్డ లాగి, అందినచోట సూది వేసేస్తారు. భుజం ఎముక అంచుకు రెండు మూడు వేళ్ల కింద కండలో పడాల్సిన మందు కీలు దగ్గరి పొరల్లో పడితే నొప్పి నెలల తరబడి వదలకపోవచ్చు. కొబ్బరి దింపు తీసే మనిషికి చేయి లేవకపోతే కూలి లేదు.

అమెరికాలో 1986 నాటి చట్టం కింద టీకా నష్టాలకు పరిహార పథకం ఉంది. 2017లో భుజం గాయాన్నీ ఆ పథకపు నష్టాల పట్టికలో చేర్చారు. 48 గంటల్లోపు నొప్పి మొదలవడం వంటి షరతులకు రికార్డు సరిపోతే చాలు, సూది వేసినవారి తప్పు రుజువు చేయనక్కర్లేదు. మన దేశంలో, కోవిడ్ టీకా తర్వాత కూతుళ్లను పోగొట్టుకున్న తల్లిదండ్రులు సుప్రీంకోర్టుకెక్కితే, సివిల్ కోర్టులకు వెళ్లవచ్చని 2022లో కేంద్రం బదులిచ్చింది. డబ్బు కట్టి వేయించుకున్నచోట లోపం జరిగితే వినియోగదారుల కమిషన్ ఉంది, గడువు రెండేళ్లు. ఏ గుమ్మం ఎక్కినా ముందు అడిగేది కాగితమే.

ఆ కాగితం మీ చేతుల్లో ఉంది. 2009లో ఖమ్మం జిల్లాలో బాలికలకు హెచ్‌పీవీ టీకాలు వేసినప్పుడు, తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు చాలా సమ్మతి పత్రాలపై సంతకాలు చేశారు. పార్లమెంటరీ స్థాయీ సంఘం 2013లో దాన్ని తప్పుపట్టింది. కాగితాన్ని తంతుగా చూస్తే పేదవాడి గొంతు అక్కడే ఆగిపోతుంది. కాబట్టి తేదీ, బ్యాచ్ నంబరు, ఏ చేయి, నొప్పి ఎప్పుడు మొదలైంది, అన్నీ రాయండి. “సూదిపోటేలే అమ్మా, తగ్గిపోద్ది” అని పంపేయకండి. మెడికల్ ఆఫీసరుకు చెప్పి నమోదు చేయించండి, నకలు వాళ్లకివ్వండి.

నిజం రాస్తే ఉద్యోగం పోతుందేమోనని మీకు భయం ఉండొచ్చు. అందుకే, ఎవరి తప్పూ వెతక్కుండా పరిహారమిచ్చే పద్ధతి ఇక్కడ ప్రతి టీకాకూ కావాలి. అది రోగికి ఆసరా, నర్సుకు రక్షణ. దానికోసం మీ సంఘాల్లో మాట్లాడండి, ప్రభుత్వాన్ని అడగండి. మీరడిగితే కాదనడం కష్టం.