తోలు ఒలిచే కత్తి



సేద్యానికి అదునూ పదునూ రెండూ కలిసిరావాలని మనం అంటూ వుంటాం. అదును తప్పితే మంచి విత్తనం కూడా పండదు. నేలలో పదును లేకపోతే నాగలి దిగదు. ఈనాడు నేను చెప్పబోయే పనికి కూడా ఈ రెండే ప్రాణం. అది గొర్రె, మేకల తోలు ఒలిచే పని. అందులోనూ ముఖ్యంగా, ఆ పనికి తగిన కత్తిని ఎంచుకోవడం.

"కత్తి ఎంచుకోవడానికి కూడా ఒక ప్రసంగమా?" అని మీలో కొందరు నవ్వుకోవచ్చు. కాని ఒక్కసారి ఆలోచించండి. కనుమ నాడో, జాతర నాడో, ఇంట్లో శుభకార్యానికో ఊళ్లో మేకను కోస్తారు. కోసేవారి చేతికి ఏది అందితే అదే కత్తి. కొబ్బరికాయలు కొట్టే కత్తి కావచ్చు, కూరగాయల చాకు కావచ్చు. పని అయిపోతుంది, మాంసం పంచుకుంటారు. తోలును మడిచి ఒక మూల పడేస్తారు. మర్నాడు తోళ్ల వర్తకుడు వచ్చి దాన్ని విప్పి ఎండకు ఎత్తి పట్టుకుంటాడు. నడుమ భాగంలో నాలుగు చోట్ల వెలుతురు కనబడుతుంది. అంతే, ధర పడిపోతుంది. ఏడాదిపాటు మేపి పెంచిన జీవం తోలు, రెండు నిమిషాల తొందర వల్ల పాడైపోయింది.

చిల్లులు పడితే కంటికి కనబడతాయి. కనబడని నష్టం ఇంకొకటి వుంది. కత్తి తోలును పూర్తిగా చీల్చకుండా, లోపలివైపున సగం లోతుకు గీసి వదిలిపెడుతుంది. పైన బొచ్చు వుండటం వల్ల అది తెలియదు. తోలును సున్నంలో నానవేసి బొచ్చు తీసి పదును చేసిన తరువాత ఆ గీత బయటపడుతుంది. లాగితే అక్కడే తెగుతుంది. మేకతోలు అసలే పలచన. దానిమీద గీత పడితే మిగిలేదేమిటి? అంచున, కడుపు పక్కన పడ్డ కోతనైతే కత్తిరించి పారేయవచ్చు. వీపు మీద, తుంటి మీద పడితే తోలు మొత్తానికే విలువ పోతుంది.

శ్రీ సత్యసాయి జిల్లా ధర్మవరం దగ్గర నిమ్మలకుంట అనే ఊరు వుంది. అక్కడి కళాకారులు మేకతోలుతో తోలుబొమ్మలు చేస్తారు. తోలును కాంతి చొరబడేటంత పలచగా శుభ్రపరచి, దానిమీద రంగులు వేసి, వెనుక దీపం పెట్టి ఆడిస్తారు. రాముడి ముఖం మీద కత్తిగాటు వుంటే దీపం వెలుగులో ప్రేక్షకులందరికీ కనబడుతుంది. మన డప్పుకు బిగించేదీ మేకతోలే. అందులో సగం తెగిన గీత వుంటే మంటకు కాచి బిగించేటప్పుడు అక్కడే పగులుతుంది. కనుక తోలు ఎక్కడికి పోయినా, ఒలిచిన చేతి గుణం దానితోపాటే పోతుంది.

ఇక కత్తి సంగతికి వద్దాం. మొదట తెలుసుకోవలసింది, ఒక్క కత్తి అన్ని పనులకూ చాలదు. రక్తం తీయడానికి మొన వున్న తిన్నని కత్తి కావాలి. తోలు ఒలవడానికి వేరే కత్తి కావాలి. మొదటి కత్తితోనే రెండో పని చేయడం వల్లనే తోలుకు చాలా భాగం చిల్లులు పడుతున్నాయి. ఎందుకంటే ఆ మొన, మనం చూడనప్పుడు తోలులోకి దిగుతుంది.

ఒలుపుడు కత్తిని కొనేటప్పుడు, లేక కమ్మరి చేత చేయించేటప్పుడు ఐదు సంగతులు చూడండి.

మొదటిది ఆకారం. అలుగు ముందుభాగం నెలవంకలాగా వెనక్కి వంగి, అంచుకు కొంచెం పొట్ట వుండాలి. మొన వాడిగా కాక గుండ్రంగా వుండాలి. ఇలా వుంటే ఒక్కసారికి అంచులో కొద్ది భాగమే తోలుకు తగులుతుంది, మొన పైకి లేచి వుంటుంది. మీ దగ్గర ఇప్పటికే వాడి మొన కత్తి వుంటే దాన్ని పారేయనక్కర లేదు. ఆ మొనను రాయి మీద అరగదీసి గుండ్రంగా చేస్తే చాలావరకు పనికి వస్తుంది.

రెండవది పొడవు. గొర్రెకు, మేకకు 5 నుంచి 6 అంగుళాల అలుగు, అనగా 12 నుంచి 15 సెంటీమీటర్లు సరిపోతుంది. చెయ్యి చిన్నదైతే ఇంకొక అంగుళం తగ్గించుకోవచ్చు. అడుగు పొడవు కత్తి పట్టుకుని మేకతోలు ఒలవడం పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం వేసినట్టే. అమెరికాలో లైసెన్సు పొంది జింకలను వేటాడేవారు కూడా, అంత పెద్ద జంతువును శుభ్రం చేయడానికి 3, 4 అంగుళాల పొట్టి కత్తినే మెచ్చుకుంటారు. చేతికి పట్టు దొరికేది పొట్టి కత్తితోనే. మన దేశంలో మాత్రం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జింకను వేటాడటం నేరమని మరచిపోవద్దు.

మూడవది మందం. వెన్ను దగ్గర 2 నుంచి 3 మిల్లీమీటర్లు వుంటే చాలు. చేప కోసే పలచని కత్తిలాగా వంగిపోకూడదు. అలాగని గొడ్డలిలాగా బరువూ వుండకూడదు.

నాలుగవది ఉక్కు. స్టెయిన్‌లెస్ కత్తి తుప్పు పట్టదు, కడగడం తేలిక. కాని చౌకరకం స్టెయిన్‌లెస్ అయితే పదును త్వరగా పోతుంది. మామూలు ఉక్కు కత్తికి రాయి మీద పదును చక్కగా వస్తుంది గాని, తడి తుడవకపోతే తుప్పు పడుతుంది. ఒకప్పుడు నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రం ఉక్కు కత్తుల తయారీకి దేశాంతరాలకు పోయేది. ఈనాడు మన కమ్మరులు లారీ స్ప్రింగు పట్టీతో మంచి కత్తులే చేస్తున్నారు. చేయించిన కత్తిని ఇలా పరీక్షించండి. ఆకురాయిని అంచు మీద మెల్లగా లాగండి. సీసంలోకి దిగినట్టు దిగితే ఉక్కు మెత్తన, పదును నిలవదు. గాజు మీద జారినట్టు జారితే మరీ పెళుసు, ఎముక తగిలితే అంచు రాలుతుంది. ఆకురాయి కొద్దికొద్దిగా మాత్రమే పట్టాలి.

ఐదవది పిడి. ఈ పనిలో చెయ్యి ఎప్పుడూ రక్తంతో, కొవ్వుతో జారుతూనే వుంటుంది. కొనే ముందు చేతికి సబ్బు రాసుకుని పిడి పట్టుకుని చూడండి. జారితే ఆ కత్తి వద్దు. వేళ్లు అలుగు మీదికి పోకుండా పిడి ముందు చిన్న అడ్డు వుండాలి. పిడికీ ఇనుముకూ మధ్య సందులు వుండకూడదు. ఆ సందులలో రక్తం చేరి కుళ్లుతుంది. అలుగు ఇనుము పిడిలోకి పూర్తిగా దిగి, రెండు మూడు మేకులతో బిగించి వుంటే ఊడిపోదు.

కత్తి వచ్చింది గదా. ఇప్పుడు ఒక మాట చెబితే మీకు ఆశ్చర్యం కలుగుతుంది. తోలు ఒలవడంలో మంచి పనివాడు కత్తిని చాలా తక్కువగా వాడతాడు. కత్తితో చేయవలసింది గీతలు మాత్రమే. గడ్డం కింద నుంచి కడుపు మధ్యగా తోక దాకా ఒక తిన్నని గీత. ముందుకాళ్ల లోపలివైపు నుంచి రొమ్ము వరకు, వెనుకకాళ్ల లోపలివైపు నుంచి నడిమి గీత వరకు మిగిలిన గీతలు. ఈ గీతలు పెట్టేటప్పుడు కత్తిని తోలు కిందికి దూర్చి, అంచు పైకి వుండేటట్టు లోపలినుంచి బయటికి కోయాలి. అప్పుడు బొచ్చు మీద కత్తి మొద్దుబారదు, బొచ్చు మాంసం మీద పడదు. ఆ తరువాత కత్తి పక్కన పెట్టి పిడికిలి బిగించండి. తోలుకూ మాంసానికీ మధ్య పిడికిలితో నెట్టుకుంటూ పోతే తోలు తనంతట తానే విడుతుంది. పిడికిలికి లొంగని చోట మాత్రమే, రొమ్ము దగ్గర, కాళ్ల దగ్గర, మెడ దగ్గర, కత్తి తీయండి. అక్కడ ఎడమ చేత్తో తోలును బిగువుగా లాగి, అలుగును దాదాపు పడుకోబెట్టి, మధ్యనున్న తెల్లని పొరను మాత్రమే తాకించాలి.

అదును అన్నాను గదా, ఆ అదును ఇదే. రక్తం పూర్తిగా కారిపోయిన తరువాత, శరీరం వేడి ఆరకముందే ఒలవాలి. చల్లబడితే తోలు అంటుకుపోతుంది. అప్పుడు పిడికిలి పనిచేయదు, అడుగడుగునా కత్తే కావాలి, కోతలు తప్పవు. జీవాన్ని నేల మీద ఈడ్వకుండా కొమ్మకో, దూలానికో వేలాడదీసి ఒలిస్తే తోలూ మాంసమూ రెండూ శుభ్రంగా వుంటాయి. కొన్నిచోట్ల కాలి దగ్గర గాటు పెట్టి నోటితో గాలి వూదుతారు. ఆ అలవాటు మానండి. జబ్బులు అటునుంచి మనిషికి, ఇటునుంచి మాంసానికి సంక్రమిస్తాయి. ఒలిచిన తోలును కడిగి, నీరు కారనిచ్చి, మూడు నాలుగు గంటల లోపలే మాంసం వైపున ఉప్పు పట్టించాలి. తోలు బరువులో సుమారు సగం ఉప్పు పడుతుంది. ఆలస్యం చేస్తే మన ఎండలకు బొచ్చు వూడటం మొదలవుతుంది.

తోలు ఒలిచిన కత్తితో అలాగే కడుపు కోయవద్దు. ముందు మరిగే నీళ్లలో ముంచి కడగండి. కడుపు కోసేటప్పుడు కూడా అంచు పైకే వుండాలి. రెండు వేళ్లు లోపల అడ్డుపెట్టి పేగులకు గాటు పడకుండా చూసుకోవాలి. పేగు తెగితే మాంసమంతా మైల పడుతుంది. ఇక్కడ కూడా గుండ్రని మొనే మనకు కాపు.

ఇక కత్తి పదును. మొద్దు కత్తి ప్రమాదం లేనిదని కొందరు అనుకుంటారు. అది పొరపాటు. మొద్దు కత్తికి బలం ఎక్కువ పెట్టాలి. బలం పెట్టిన కత్తి జారితే తోలునో, ఎడమ చేతినో కోస్తుంది. సానరాయిని తడిపి రెండు వైపులా సమంగా నూరండి. కాగితం అంచు చిరగకుండా తెగితే పదును కుదిరినట్టు. తిరిగే సానచక్రం మీద పట్టేటప్పుడు మాటిమాటికీ నీళ్లలో ముంచుతూ వుండాలి. అంచు కాగి నీలిరంగు తిరిగిందంటే ఆ భాగం మెత్తబడిపోయినట్టే. పని కాగానే కడిగి, తుడిచి, కొద్దిగా నూనె రాసి, పిల్లలకు అందని చోట దాచండి. తోలు ఒరలో తడి కత్తిని పెట్టవద్దు.

చివరగా అన్నిటికంటె ముఖ్యమైన మాట. కత్తిని అసలు తీయకూడని సందర్భం ఒకటి వుంది. సాయంత్రం బాగా మేసిన జీవం తెల్లవారేసరికి చచ్చి పడివుంటుంది. కడుపు ఉబ్బి, ముక్కు నుంచి, నోటినుంచి, మలద్వారం నుంచి గడ్డకట్టని నల్లని రక్తం కారుతూ వుంటుంది. కట్టె కొయ్యబారవలసిన శరీరం కొయ్యబారదు. అది దొమ్మరోగం కావచ్చు. ఆంత్రాక్స్ అని డాక్టర్లు అనేది దీన్నే. "పోయింది ఎలాగూ పోయింది, తోలైనా దక్కించుకుందాం, మాంసమైనా పంచుకుందాం" అనే ఆశ ఇక్కడ ప్రాణాల మీదికి తెస్తుంది. గాటు పెట్టి రక్తానికి గాలి తగలనిస్తే ఆ సూక్ష్మజీవులు గట్టి గుల్ల కట్టుకుని మట్టిలో ఏళ్ల తరబడి బ్రతుకుతాయి. ఆ బీడులో మేసిన మందకు మళ్లీ రోగం వస్తుంది. చేతి మీద చిన్న గీత వున్నా మనిషికి సోకుతుంది. మొదట దురద పొక్కు, తరువాత నొప్పి లేని పుండు, దాని నడుమ నల్లని చెక్కు కడుతుంది. నొప్పి లేదని వూరుకోకుండా వెంటనే ఆసుపత్రికి పోవాలి. త్వరగా మందు పడితే నయమవుతుంది.

కనుక కారణం తెలియకుండా హఠాత్తుగా చచ్చిన జీవం మీద కత్తి పెట్టవద్దు. కుక్కలను రానీయకండి. పశువైద్యశాలకు కబురు చేయండి, లేదా 1962 నెంబరుకు ఫోను చేయండి. డాక్టరు చెప్పినట్టు దాన్ని లోతుగా పూడ్చడమో, కాల్చడమో చేయండి. ఈ రోగం వచ్చిన ఊళ్లలో ఏటేటా తొలకరికి ముందే టీకాలు వేయించండి. చేతులు కాలాక ఆకులు పట్టుకుని లాభం లేదు.

విస్తరణ కార్యకర్తలకు ఒక మనవి. ఈ సంగతి ఉపన్యాసం కంటె కళ్లకు చూపితే బాగా పడుతుంది. మొనకత్తితో ఒలిచిన తోలు ఒకటి, గుండ్రని కత్తితో, పిడికిలితో ఒలిచిన తోలు ఒకటి తీసుకుని, పదిమంది ముందు రెంటినీ ఎండకు ఎత్తి పట్టండి. తరతరాలుగా తోలుపని తెలిసిన పెద్దలు మన ఊళ్లలో ఇంకా వున్నారు. ఆ ప్రదర్శనకు వారినే గురువులుగా పిలవండి. మనం పుస్తకంలో చదివింది వారి చేతుల్లో వుంది.

సోదరులారా, వచ్చే పండుగకు ముందే ఒకసారి మీ ఇంట్లో కత్తిని తీసి చూడండి. మొన ఎలా వుందో, పిడి ఎలా వుందో, పదును ఎలా వుందో చూసుకోండి. మొన గుండ్రం చేయడానికి రాయి మీద కాసేపు పని చాలు. ఖర్చు ఏమీ లేదు. ఆ కాస్త శ్రమకు మీ తోలూ దక్కుతుంది, మీ చెయ్యీ దక్కుతుంది.