పడవకు తగిన బండి

(యానాములో మా సంఘ సర్వసభ్య సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



నేడు మేము మీ ముందు నిలిచినది ఒక బండిని గూర్చి మనవి చేయుటకు. తెలుగు బడి, గ్రంథాలయము, విద్యార్థి సహాయ నిధి మొదలగు విషయములుండగా ఈ ఇనుప బండి గొడవ ఏలయని కొందరు చిరునవ్వు నవ్వుచున్నారు. నవ్వుటలో తప్పు లేదు. కాని ఈ బండి లేకపోవుటచే సంఘ ద్రవ్యము ఎంత నష్టమైనదో, ఒక కుర్రవాని ప్రాణము ఎంత దగ్గరగా పోయివచ్చినదో విన్న పిమ్మట ఆ నవ్వు నిలువదని మా నమ్మకము.

పడవ కొన్న కారణము మీరెరిగినదే. మన ఊరికి ఎదుట గౌతమి, ప్రక్కన కోరంగి. ఆ కోరంగి రేవున ఒకప్పుడు తెరచాప ఓడలు కట్టి సముద్రముపైకి పంపెడివారు. 1839 నవంబరు నాటి తుపాను ఆ రేవును ఊడ్చివేసినది. బర్మాలో తెలుగువారికి కోరంగీలను పేరు వచ్చినది ఆ రేవును బట్టియే. అట్టి తీరమున పుట్టిన మన పిల్లలకు నేడు గాలివాటము తెలియదు, చాప ఎత్తుట తెలియదు. కనుకనే పుదుచ్చేరిలో అమ్మకమునకు వచ్చిన ఒక చిన్న చాప పడవను, ఇంటింట చందాలు పోగుచేసి కొంటిమి. సుమారు ఎనిమిదివందల కిలోమీటర్ల దూరము లారీపై తెప్పించితిమి.

పడవ పొడవు 20 అడుగులు, వెడల్పు ఏడున్నర అడుగులు. మన నావలవలె దీని అడుగు బల్లపరుపుగా ఉండదు. పొట్ట క్రింద బరువైన ఇనుప రెక్క యొకటి దిగియుండును. దానిని కీల్ అందురు. గాలి చాపను వంచునపుడు పడవ బోర్లపడకుండ నిలుపునది ఆ బరువే. ప్రక్కకు కొట్టుకొనిపోకుండ ఆపునది ఆ రెక్కయే. నీటిలో అది రక్ష. నేల మీద అదియే చిక్కు.

పడవను నీటిలోనే ఉంచరాదా యని పెద్దలొకరు అడిగిరి. ఏడాది పొడుగున ఉంచరాదు. వానకాలమున గోదావరి వరద వచ్చును; 2022 జూలైలో మన వీధులలోనికే నీరు వచ్చినది కదా. పిమ్మట తుపానుల కాలము. 1996 నవంబరు 6వ తేదీ రాత్రిని మరచినవారు ఈ సభలో ఎవరును లేరు. అట్టి గాలిలో లంగరు నమ్ముకొని వదలిన పడవ మనకు దక్కదు. తెగిపోయి కొట్టుకొనిపోయినచో పేద బెస్తల పడవలను కూడ పగులగొట్టును. కావున దానిని గట్టుకు తీయక తప్పదు. గట్టుకు తీసినచో బండి కావలెను.

ఇక మా తప్పు చెప్పెదము. గడచిన ఏడు వరదకు ముందు తొందరపడి, ఎరువు తెచ్చిన ట్రాక్టరు ట్రక్కులో గడ్డి పరచి, ఇసుక బస్తాలు పేర్చి, పడవను ప్రక్కకు ఒరిగించి పెట్టించితిమి. ట్రాక్టరు వానిది దోషము కాదు, వలదని అతడు చెప్పెను. వినని దోషము మాది. ఊరి మొగలోని మొదటి స్పీడుబ్రేకరు కడ ట్రక్కు ఎగిరిపడగా బస్తాలు జారినవి, పడవ దొర్లినది. రెక్క మొదలున అడుగు పొడవున చీలిక పడినది. త్రాడు పట్టుకొని ప్రక్కన నడచుచున్న మన కుర్రవాడు ఒక్క గంతులో కాలువలోనికి దూకెను కనుక బ్రతికెను. ఆ రాత్రి అతని తల్లి మా ఇంటికి వచ్చి ఒక్క మాటయు అనలేదు. గుమ్మము కడ నిలిచి చూచి పోయినది. ఆ చూపే మమ్ములను ఈ విషయము నేర్చుకొనునట్లు చేసినది.

పిమ్మట బండికై వెదకితిమి. విశాఖపట్టణమున ఒక పాత బండి చౌకగా దొరకినది. మోటారు పడవను మోసినది, వరుసగా రబ్బరు దొండములున్నవి. బేరము కుదిరినంత పని అయినది. కాని అది బల్లపరుపు అడుగుగల పడవకు చేసినది. మన పడవను దానిపై ఎక్కించినచో టన్ను బరువు పలుచని పొట్ట మీద పడును. రెక్క క్రింద ఆధారముండదు. రెక్క గల పడవకు మొదటి సూత్రమిది: బరువంతయు రెక్క మీదుగా బండి నడిమి దూలము మీదకు దిగవలెను. ప్రక్కనున్న మెత్తలు పడవను నిటారుగా పట్టుటకే గాని మోయుటకు గాదు. ఆ మెత్తలను కూడ పడవ లోపల అడ్డుపలకలున్న చోట ఆనించవలెను. వట్టి పొట్టకు ఆనించినచో లొత్త పడును. రెక్క ముందు ఒక ఇనుప అడ్డు ఉండవలెను. లేనిచో బ్రేకు వేయగానే పడవ ముందుకు ఉరుకును.

రెండవది తూకము. మేము వర్తకులము, కాటా వేయక సరకు దించుకొనము. అయినను అమ్మినవారు కాగితముపై 800 కిలోలని వ్రాసినది చూచి నమ్మితిమి. చాపలు, కొయ్య, మోటారు, లంగరు, త్రాళ్లతో వేబ్రిడ్జి మీద తూచగా 1,010 కిలోలు తేలినది. బండి సొంత బరువు 350 కిలోలు కలుపగా 1,360 కిలోలు. ఇరుసులు, టైర్లు, లాగు జీపు ఈ మొత్తమునకు మించిన శక్తి గలవై ఉండవలెను. కనుక రెండు ఇరుసుల బండి కోరుచున్నాము; ఒక టైరు పేలినను రెండవ ఇరుసు నిలుపును. జీపు కొక్కెము మీద మొత్తము బరువులో నూటికి 7 మొదలు 10 వంతులు, అనగా ఇంచుమించు 95 మొదలు 136 కిలోలు పడునట్లు పడవను ముందువెనుకలకు జరిపి కూర్చవలెను. ముందు తేలికయైనచో వేగమున బండి తోక ఊపి జీపును కూడ త్రిప్పివేయును.

మూడవది నీటిలో దించుట. మన పడవ మూడున్నర అడుగులు మునుగును. బండి దూలము నేలకు ఒకటిన్నర అడుగు ఎత్తు. అనగా బండి నిలుచు చోట 5 అడుగుల నీరున్న గాని పడవ తేలదు. ఎనిమిది అడుగులకు ఒక అడుగు దిగు వాలు మీద అది నీటి అంచు నుండి 40 అడుగుల దూరము. జీపు అంత దూరము దిగినచో మునుగును. కావున మామూలుగా హైడ్రా క్రేనుతో దించుట మేలు. బండి ఉప్పునీటిలో దిగదు, బేరింగులు చెడవు. వేడెక్కిన బేరింగులను చల్లని నీటిలో ముంచినచో అవి నీటిని లోనికి పీల్చుకొనునని గుర్తుంచుకొనుడు.

ఇచట కోశాధికారిగారు, క్రేను ఉండగా బండికి పొడుగు కాడి ఎందుకు, ఆ ఖర్చు తగ్గించరాదా యని అడిగిరి. న్యాయమైన ప్రశ్న. కాని తుపాను వచ్చుచున్నదని తెలిసిన దినమున ఊరిలోని క్రేను మన కొరకు నిలుచునా? ఆనాడు అందరికిని అదియే కావలెను. ఆనాటి కొరకే పొడుగు కాడి. దానిని బిగించి జీపును గట్టుపై నిలిపి బండిని మాత్రము నీటిలోనికి పంపవచ్చును. పని కాగానే మంచినీటితో కడిగి గ్రీజు పెట్టవలెను. ఇనుము తుప్పు పట్టకుండ జింకు పూత తప్పనిసరి.

నాల్గవది చట్టము. 1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము ట్రైలరు కూడ వాహనమే. రిజిస్ట్రేషను, వెనుక దీపములు, నంబరు పలక లేకుండ రోడ్డెక్కించరాదు. వెడల్పు 2.6 మీటర్లకు మించరాదు. మన పడవ దానికి లోపలనే యున్నది. మరియొక మాట, పిల్లలు చెవినిడి వినుడు: పడవ గట్టెక్కగానే కదలింపక ముందే కొయ్యను దింపివేయవలెను. అది అల్యూమినియము. పైని కరెంటు తీగెకు తగిలినచో పట్టుకున్నవాడు బ్రతుకడు.

సభ్యులారా, పడవను అమ్మివేయుదమను మాట కూడ వినవచ్చినది. అమ్మవచ్చును. చందా తిరిగి వచ్చును. కాని పడవ మరమ్మతుకు అయిన వ్యయము క్రొత్త బండి ధరలో మూడవ వంతు. అనగా ఇట్టి తప్పు మూడు మార్లు చేసినచో ఒక బండిని పోగొట్టుకొన్నట్లే. ఇక ప్రాణములకు లెక్క కట్టు కాటా మా దుకాణములో లేదు.

కావున మా విన్నపములు రెండు. ఒకటి, పడవ కొలతలు తీసి దీనికే ప్రత్యేకముగా బండి కట్టించుటకు సభ అనుమతి నొసగవలెను. రెక్క అచ్చును అట్టపై కత్తిరించి సిద్ధముగా నుంచితిమి. రెండు, ద్రవ్యము కన్న ఎక్కువైనది: ఇంటికి ఒకరు చొప్పున పేరు నీయవలెను. కాకినాడ రేవున ఒకటవ నంబరు దూర హెచ్చరిక ఎగురవేసిన దినముననే ఆ పేర్లవారు రేవునకు రావలెను. మూడవ నంబరు వరకు వేచినచో ఆలస్యమగును. బండి ఎంత మంచిదైనను లాగు చేతులు లేనిచో అది ఇనుప సామానే.

కాలువలోనికి దూకిన కుర్రవాడు నేడు సభలో వెనుక వరుసన కూర్చున్నాడు. ఆ పేర్ల పట్టీలో మొదటి పేరు అతనిది. రెండవది అతని తల్లి వ్రాయించిన అతని తమ్మునిది. మూడవది మాది. కాగితము బల్లపై నున్నది.