వంశధార గట్టున ఒక ఉదయము

(కాసిడీహ్‌లో జరిగిన తెలుగువారి సభయందు చేసిన ప్రసంగ పాఠము)



సంస్కృతికి సంబంధించిన విషయమేదైన మాటలాడుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. పగలెల్ల ఫైళ్ళపై వ్యాఖ్యలు వ్రాయువానికి సంస్కృతిని గూర్చి ఉపన్యసించు అధికారము స్వల్పము. కావున, ఒక నడకను గూర్చి మాత్రము మనవి చేసెదను.

నేను ఈ కాసిడీహ్‌లోనే పెరిగితిని. మా నాయనగారు శ్రీకాకుళము జిల్లా కళింగపట్నపు ప్రాంతమునుండి ఇచ్చటి కర్మాగారమున పనికి వచ్చినవారు. సెలవు దినములందు నన్ను సువర్ణరేఖలో ఖర్కాయి కలియు దోముహానికి తీసికొనిపోవుచుండిరి. అచ్చట కూర్చుండి, "ఇదీ మంచి ఏరే గాని బాబూ, మన ఏటి గట్టున ఓపాలి నడవాల" అనుచుండిరి. మన ఏరనగా వంశధార. వార్ధక్యమున నాతో కూడి ఆ గట్టున ఒక్కసారి నడువవలెనని వారి కోరిక. ఢిల్లీలో సచివాలయోద్యోగినైన నేను పార్లమెంటు సమావేశములనియు, బడ్జెట్టు పనియనియు ఏటేట వాయిదా వేయుచు వచ్చితిని. నాకు సెలవు దొరకునప్పటికి వారు లేరు. గడచిన మాఘమాసమున మా అబ్బాయిని వెంటబెట్టుకొని ఆ నడక నడచితిని.

వంశధార సముద్రమున కలియుచోట దక్షిణపు టొడ్డున నున్న గ్రామము కళింగపట్నము. ఒకప్పుడది ఓడరేవు. ఓడలు దూరమున లంగరు వేసి నిలువగా సరకులను పడవలపై ఒడ్డునకు చేర్చుచుండిరి. లోనాడున రైలుమార్గమును, 1933లో విశాఖపట్నమున పెద్ద రేవును ఏర్పడిన పిమ్మట ఇట్టి చిన్న రేవులకు పని తగ్గెను. నేడచ్చట దీపస్తంభమును, జాలరుల పడవలును చూడవచ్చును.

తెల్లవారుజామున దీపస్తంభము కడ బయలుదేరి, ఏటిని కుడిచేతి వైపున నుంచుకొని పడమరగా నడచితిమి. మొదట ఇసుకయు, సరుగుడు తోపులును. పిదప తాడిచెట్లును, కోతలైన వరిమళ్ళును. ఒరిస్సా కొండలలో పుట్టి సుమారు రెండు వందల ఏబది కిలోమీటర్లు ప్రవహించి వచ్చిన ఏరు ఆ ఋతువున సన్నని పాయలై ఇసుకతిన్నెల నడుమ సాగుచుండెను. "తాతగారు ఈత నేర్చుకొన్నది ఇక్కడేనా నాన్నా?" అని మా వాడడిగెను. నాకు తెలియదు. అడుగుటకు నలువది సంవత్సరముల వ్యవధి యుండియు నేనెన్నడు నడుగలేదు.

త్రోవలో పశువులు కాచుకొనుచున్న వృద్ధుడొకడు "ఎవులబ్బాయివి బాబూ?" అని పలుకరించెను. మా ఇంటిపేరు చెప్పితిని. అతడు కొంత తడవాలోచించి, "ఆ ఇంటోలు టాటా ఎలిపోనారు గదేటి!" అనెను. మా కుటుంబ చరిత్ర అంతయు అతనికి ఆ ఒక్కమాటలో నిలిచియున్నది. ఈ సభలోని పెక్కు కుటుంబములను గూర్చి ఆ తీరమున ఈ మాటయే చెప్పుకొనుచుందురు కాబోలు.

అయిదారు కిలోమీటర్లు, అనగా వెనుకటి లెక్కలో రెండు క్రోసులకు తక్కువగా నడచినచో శాలిహుండపు కొండ వచ్చును. కొండపై బౌద్ధస్తూపములును, చైత్యములును, విహారముల పునాదులును కలవు. వేయి సంవత్సరములకు పైగా అచ్చట బౌద్ధము నిలిచియుండెను. తారాదేవి, మారీచి మొదలగు విగ్రహములు లభించుటచే తుదికాలమున వజ్రయానము ప్రబలినదని తెలియుచున్నది. 1919లో ఈ శిథిలములను లోకమునకు తెలిపినవారు గిడుగు రామమూర్తి పంతులుగారు. వారు 1863లో జన్మించిన పర్వతాలపేటయు ఈ వంశధార తీరమందలిదే. వ్యావహారిక భాషకై జీవితమంతయు పోరాడిన ఆ మహనీయుని పేరు నేనిట్లు గ్రాంథికమున స్మరించుట వారికి సమ్మతము కాదని యెఱుగుదును. పాఠశాలలో నేర్చినది విడువజాలకున్నాను, క్షమింతురుగాక.

విద్యార్థి దశలో నేను నాలందా చూచి వచ్చి వ్యాసము వ్రాసి బహుమానము పొందితిని. మా తాతగారి ఊరికి ఒక పూట నడకలో నున్న శాలిహుండము పేరైనను నాకప్పుడు తెలియదు. నాయనగారికి తెలిసియుండెనా? బాల్యమున ఆ మెట్లెక్కియుండిరా? ఇదియు నేనడుగని ప్రశ్నయే.

కొండపైనుండి చూచినచో ఏరును, దూరమున సముద్రమును కానవచ్చును. రాంచీ ప్రాంతమున పుట్టి మన జంషెడ్‌పూరును ఒరసికొని పారు సువర్ణరేఖయు తుదకు ఆ బంగాళాఖాతముననే కలియుచున్నది. ఆ మాట చెప్పగా మా వాడు, "అయితే తాతగారు దోముహానిలో కూర్చుండి చూచిన నీళ్ళు ఇక్కడికే వచ్చును గదా" అనెను. భూగోళశాస్త్రము దీని నంగీకరింపకపోవచ్చును. నేను మాత్రము కాదనలేదు.

సోదరులారా! నా విన్నపము చిన్నది. మీలో తల్లిదండ్రులు ఇంకను నడువగలిగియున్నవారు ఈ సంవత్సరమే సెలవు దరఖాస్తు వ్రాయుడు. వారి ఏటి గట్టున వారితో కూడి నడువుడు, పిల్లలను తోడ్కొనిపొండు, ఈత నేర్చిన రేవెక్కడ, ఎక్కిన కొండయెక్కడ అని అడుగుడు. సెలవు మంజూరు కానిచో మరల వ్రాయుడు. ఫైలు మరునాటికిని ఉండును.