పరీక్షకు ముందు చెప్పవలసిన మాట
(గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



కడుపునొప్పియో, గుండెనొప్పియో వచ్చి పట్టణపు ఆస్పత్రికి పోయిన మన గ్రామస్థులకు డాక్టర్లు సి.టి. స్కాన్, ఆంజియోగ్రాం వంటి పరీక్షలు వ్రాయుచున్నారు. లోపలి అవయవములు, రక్తనాళములు స్పష్టముగా కనిపించుటకై వీనిలో తరచుగా అయోడిన్ గల మందును రక్తనాళములోనికి ఎక్కింతురు. ఆస్పత్రులలో దానిని ‘డై’ అందురు.

మందు ఎక్కునపుడు ఒళ్లు వెచ్చబడుట, నోటికి లోహపు రుచి తోచుట సహజము. కొందరికి దురద, దద్దురులు కలిగి తగ్గిపోవును. కాని బహు కొద్దిమందికి గొంతు వాచి, ఊపిరాడక, రక్తపు పోటు పడిపోయి ప్రాణాపాయమే సంభవించును. దీనిని వైద్యులు అనాఫిలాక్సిస్ అందురు.

జపానులో 3,37,647 మందిని పరిశీలించి 1990లో ప్రకటించిన ఫలితముల ప్రకారము, పాతరకపు మందుతో పదివేలకు 22 మందికి, కొత్తరకపు మందుతో నలుగురికి తీవ్రమైన బాధ కలిగినది. నేడు కొత్తరకమే విరివిగా వాడుకలో నున్నది. కావున భయపడి అవసరమైన పరీక్షను మానుకొనరాదు. రోగము బయటపడకుండుట అంతకన్న పెద్ద ముప్పు.

ముప్పు ఎవరికి హెచ్చు? ముఖ్యముగా పూర్వము ఇట్టి మందే పడనివారికి; తరువాత ఉబ్బసము, ఇతర ఎలర్జీలు కలవారికి. రొయ్యలు పడనివారికి ఈ మందు కూడ పడదను మాట సరికాదు. రొయ్యలలో వారికి పడనిది అందలి మాంసకృత్తు గాని అయోడిన్ కాదు.

తీవ్రమైన బాధ చాలవరకు అరగంట లోపలనే కనిపించును. బస్సు తప్పిపోవునని వెంటనే లేచి వచ్చుట మంచిది కాదు; ఆస్పత్రిలో నున్నచో తొడకండకు ఎడ్రినలిన్ ఇంజెక్షన్ తక్షణమే ఇచ్చి ప్రాణము కాపాడగలరు. దారిలో బాధ కలిగినచో 108కి ఫోను చేయవలెను. రోగిని నడిపింపక పరుండబెట్టవలెను, ఊపిరాడనిచో కూర్చుండబెట్టవలెను.

సభ్యులారా, మీరు చేయగల సహాయము మూడు మాటలలో నున్నది. పరీక్షకు పోవువారు పాత చీటీలు వెంట గొనిపోవలెను. పూర్వము ఏ మందు పడలేదో, ఉబ్బసము కలదో లేదో అడుగకముందే చెప్పవలెను. ఈసారి మందు పడనిచో దాని పేరు వ్రాయించుకొని భద్రపరచుకొనవలెను. చదువురాని వృద్ధులకు ఈ పని ఎవరు చేసిపెట్టుదురు? ఆ బాధ్యతను ప్రతి వార్డు సభ్యుడును, సభ్యురాలును స్వీకరింపవలెనని కోరుచున్నాను.